ఇడా జారలేదు

మా ఆవిడ పడిపోయిన చోట కొత్త చెక్క వేశారు. ఆసుపత్రిలో ఆమె ముఖం మీద దుప్పటి కప్పాక నేను ఇంటికి పోలేదు, నేరుగా పార్కుకు పోయి పైకెక్కాను. అప్పటికే వేసేశారు. ఉప్పుగాలికి బూడిదరంగు తిరిగిన చెక్కల వరసలో అదొక్కటే పసుపుపచ్చగా ఉంది. మేకుల తలలు ఎండకు మెరుస్తున్నాయి. శవం ఇంకా చల్లబడలేదు, వడ్రంగం పని మాత్రం పూర్తయింది.

అది మే నెల. గల్ పాయింట్ పార్కు తెరిచే రోజు దగ్గర పడింది. ఏటా ఆ రోజుల్లో బిగ్ లాటీకి తెల్లరంగు వేస్తాం. బిగ్ లాటీ అంటే మా రోలర్ కోస్టర్. పట్టాల మీద ఇనుప రేకు తప్పిస్తే పైనుంచి కిందిదాకా అంతా కర్రే. పార్కు కట్టిన ముసలాయన దానికి తన అత్తగారి పేరు పెట్టాడట. ఊగుతుంది, కేకలేస్తుంది, ఎంత చేసినా తృప్తిపడదు అనేవాడట. రంగు పనికి మా వాళ్ళంతా వస్తారు, పెళ్ళాలూ పిల్లలతో సహా. మా ఆవిడ ఇడా ఊహ తెలిసినప్పటినుంచీ వేస్తూ వచ్చింది. వాళ్ళ నాన్న లాటీకి ట్రాక్ మేస్త్రీ. ఆయన పోయాక ఆ పని ఆమె తమ్ముడు గిల్‌కి వచ్చింది. నాది బ్రేకుల పని.

సముద్రం వైపు మలుపులో, పట్టాల పక్క నడవడానికి వేసిన చెక్కల మీద, ఒక చేత్తో డబ్బా, ఒక చేత్తో కుంచె పట్టుకుని, కమ్మీకి రంగు వేస్తూ ఇడా పడిపోయింది. నేను కింద బ్రేకు గుంటలో ఉన్నాను. డబ్బా రాళ్ళ మీద పడ్డ చప్పుడు విన్నాను. అరుపు వినలేదు.

మంచుకు చెక్క తడిసింది, పాపం జారింది అన్నారు. ఊరంతా అదే మాట. చర్చిలో ఫాదర్ కూడా అదే చెప్పాడు. ఇడా జారి దేవుడి చేతుల్లో పడింది అన్నాడు. దేవుడి చేతులు అక్కడ లేవు. అక్కడ రాళ్ళున్నాయి.

ఇడా జారే మనిషి కాదు. వంటింట్లో పొయ్యి దగ్గరినుంచి గిన్నెల అలమర దాకా ఎలా నడిచేదో ఆ చెక్కల మీదా అలాగే నడిచేది. నేను ఊళ్ళో సన్యాసినుల బడిలో ఎనిమిది దాకా చదివాను, అంతే. కానీ కాలు జారిన మనిషి పక్కకు పడుతుంది, కింద చెక్క విరిగిన మనిషి నిలువునా పడుతుంది. తెల్లరంగు ఒలికిన రాళ్ళు ఆ పచ్చచెక్కకు సరిగ్గా కిందనే ఉన్నాయి.

మాకొక పద్ధతి ఉంది. ఇడా నాన్న పెట్టింది. పొద్దున్నే ట్రాక్ నడిచే మేస్త్రీకి ఎక్కడైనా చెక్క మెత్తగా తగిలితే దాని మీద ఎర్రసుద్దతో అడ్డగీత గీస్తాడు. గీత ఉన్న చెక్క మీద ఎవరూ కాలు పెట్టరు. చెక్క మారితేనే గీత పోతుంది. గీత లేదంటే కళ్ళు మూసుకుని నడవచ్చు. మేమంతా అలాగే నడిచాం. ఆ మలుపులో ఎర్రగీత లేదు.

*

గిల్‌కి పెళ్ళి కాలేదు. మా ఇంటి పైవాటాలో ఉంటాడు, మా వంటింట్లో తింటాడు. సమాధి పని అయిన వారానికి ముగ్గురం బల్ల దగ్గర కూర్చున్నాం. మా అమ్మాయి లూసీల్ వాళ్ళమ్మ చేసే కేల్ ఆకు పులుసు చేసింది. సాసేజి ముక్కలు మావయ్యకే ఎక్కువ వేసింది. ఆమెకు ఈత నేర్పింది అతనే, మొదటి సైకిలు కొనిచ్చింది అతనే. పార్కు టికెట్ల గదిలో ఆమెకు పని ఇప్పించిందీ అతనే.

"పాత చెక్క ఏది?" అన్నాను.

గిల్ చెంచా ఆపలేదు. "ఏ చెక్క బావా?"

"ఎన్ని చెక్కలు మార్చావేంటి ఆ రోజు?"

"అదా. పొయ్యిలో పెట్టేశాం. ముక్కలైపోయిందిగా."

"ఎందుకు ముక్కలైంది?"

"అక్క పడిందని తెలియగానే జనం పైకి పరిగెత్తారు. అందరూ ఒకేచోట తొక్కారు. విరిగింది."

"అక్క కింద పడితే జనం పైకెందుకు పరిగెత్తారు?"

చెంచా ఆగింది. లూసీల్ రొట్టె ముక్క చేత్తో పట్టుకుని ఇద్దర్నీ చూసింది.

"బావా, నువ్వు నిద్రపోయి ఎన్నాళ్ళయింది?"

"నేనడిగింది నిద్ర సంగతి కాదు. చెక్క ముందే పుచ్చిందా లేదా?"

"అక్క జారింది బావా. ఆ పొద్దున మంచు ఎంత కురిసిందో నువ్వూ చూశావు."

"మీ అక్క వాన పడుతుంటే పైన నడిచింది. లూసీల్ కడుపులో ఉండగా నడిచింది. మంచుకు జారిందా?"

"నాన్నా, పులుసు చల్లారిపోతోంది" అంది లూసీల్.

"చల్లారనీ."

"మావయ్యకి బాధ లేదనుకుంటున్నావా? ఆయనకి తోడబుట్టింది."

"బాధ ఉంటే చెప్పమను."

గిల్ గిన్నె ముందుకు తోసి లేచాడు. తలుపు దగ్గర ఆగి, లూసీల్ తలమీద చెయ్యి వేసి, "పులుసు అచ్చం మీ అమ్మ చేసినట్టే ఉందే" అని పైకి పోయాడు. ఆ పిల్ల ఏడ్చింది. నా మాటకు ఏడవలేదు, వాడి మాటకు ఏడ్చింది. నాకు అప్పుడే తెలిసిపోయింది ఈ ఇంట్లో నా వెనక ఎవరూ లేరని.

*

పార్కు తనిఖీ చేసే ఇన్‌స్పెక్టరు వచ్చాడు, పైనంతా తిరిగాడు, కొత్త చెక్క మీద నిలబడి రెండుసార్లు గెంతాడు, గట్టిగా ఉందన్నాడు. పార్కు తెరిచారు.

నేను పనిలోకి వెళ్ళాను. వెళ్ళకుండా ఏం చేయాలి? ఇంట్లో కూర్చుని ఆమె ఏప్రన్ చూస్తూ ఉండాలా? లాటీకి బ్రేకు ఇప్పటికీ చేత్తోనే. ప్లాట్‌ఫాం మీద నడుమెత్తు మీటలు మూడుంటాయి. రైలు చివరి మలుపు తిరిగి వచ్చేటప్పుడు ఆ మీటలు లాగాలి. ముందు లాగితే గుంటకు అవతలే నిలబడిపోతుంది, ఆలస్యంగా లాగితే ముందు రైలుని గుద్దుతుంది. పొద్దున చలికి మెల్లగా వస్తుంది. మధ్యాహ్నం ఎండకు గ్రీజు కరిగి పిచ్చెక్కినట్టు వస్తుంది. ఆ వేసవి అంతా నేను మీటలు గట్టిగా లాగాను. రైలు ఆగేటప్పుడు జనం ముందుకు తూలేవాళ్ళు.

"మనుషుల్ని దించుతున్నావా, బంగాళాదుంపల బస్తాలు దించుతున్నావా?" అనేది బెర్నిస్. ఆమె గేటు దగ్గర టికెట్లు చింపుతుంది. లావు మనిషి, నోరు అంతకంటే లావు. ఒకరోజు ఒక పెద్దావిడ పళ్ళసెట్టు మొదటి పల్లంలో ఊడి సముద్రంలో పడింది. రైలు దిగి మూతి లోపలికి పోయి నిలబడితే, "బాధపడకమ్మా, చేపలకి నమలడం వచ్చింది" అంది బెర్నిస్. ఆవిడా నవ్వింది. జనం నవ్వడానికే కదా వచ్చేది. పైన గొలుసు టకటకమంటూ లాగుతున్నంతసేపూ గుండె గొంతులో పెట్టుకుని, పల్లంలో దాన్ని వదిలేసి, అరిచి, కిందికి వచ్చి నవ్వుతారు. రోజంతా నా ముందు అవే ముఖాలు. ఒక్కొక్కప్పుడు మీట వదిలెయ్యాలనిపించేది.

జూలైలో ప్రెంటిస్ వచ్చాడు. పార్కు కట్టిన ముసలాయన మనవడు, ఇప్పుడు పార్కు అతనిదే. తెల్ల బూట్లు వేసుకుంటాడు. వెనకాల లూసీల్ ఉంది.

"నార్మన్ గారూ, మేమంతా ఒకటి అనుకున్నాం. లాటీ ముందు పెట్టెకి ఇడా గారి పేరు పెడదామని. బంగారు రంగు అక్షరాలతో. ఆమె నాన్నగారి రోజులనుంచీ ఈ పార్కుకి చేసిన సేవకి."

"ఎవరు, మేమంతా అంటే?"

"నేనూ, గిల్ గారూ, లూసీల్‌నీ అడిగాం."

లూసీల్ నా వైపు చూడలేదు. "బావుంటుంది కదా నాన్నా. అమ్మ పేరు రోజూ పైకెళ్ళి వస్తుంది."

"పెట్టె మీద వద్దు. ఆ చెక్క మీద రాయించండి" అన్నాను.

"ఏ చెక్క?" అన్నాడు ప్రెంటిస్.

గిల్ కూడా మొదట ఇదే అడిగాడు. ఇద్దరూ ఒకే బడిలో చదువుకున్నట్టు.

"మీ బాధ మాకు తెలుసు నార్మన్ గారూ."

"తెలిస్తే చెప్పండి. చెక్క పుచ్చిన సంగతి మీకు ముందే తెలుసా?"

"ఇన్‌స్పెక్టరు గారు అంతా చూశారు కదా."

"కొత్తదాన్ని చూశాడు."

అప్పుడే రైలు వస్తోంది. నేను మీట దగ్గరికి పోయాను. వెనక్కి తిరిగేసరికి ప్రెంటిస్ లేడు. వారం తిరక్కుండా ముందు పెట్టె మీద ఇడా పేరు వచ్చింది. బంగారు అక్షరాలు, చుట్టూ నీలం పూలు. ప్రతి రైలూ నా కళ్ళ ముందే ఆగుతుంది. కుర్రాళ్ళు ఆ పేరు మీద బూట్లు పెట్టి దిగేవాళ్ళు.

ఆగస్టులో ప్రెసిడెంటు నిక్సన్ గద్దె దిగిపోయాడు. పార్కులో అందరిదీ అదే మాట. "దొంగతనానికి దించలేదు వాణ్ణి. దాచినందుకు దించారు" అంది బెర్నిస్, టికెట్లు చింపుతూ. నేను గిల్ వైపు చూశాను. అతను గొలుసుకు గ్రీజు రాస్తున్నాడు. తల ఎత్తలేదు.

*

సెప్టెంబరు మొదటి సోమవారంతో మా పార్కు సీజను అయిపోతుంది. ఆ సాయంత్రం జనాన్ని పంపేశాక లాటీ మీద చివరి రైలు మాదే. దాని మీద పనిచేసే వాళ్ళు తప్ప ఇంకెవరూ ఎక్కకూడదు. పని మానేసిన ముసలి అమెడీ వచ్చి ఆ ఒక్క రైలుకు నా బదులు బ్రేకు పట్టుకుంటాడు. అతని కొడుకు మోటారు దగ్గర నిలబడతాడు. గొలుసు మమ్మల్ని లాటీ నెత్తి దాకా లాగాక, పల్లానికి ముందు, మోటారు ఆపేస్తాడు. పైన గాలిలో అలా నిలబడిపోతాం. అప్పుడు ఒక్కొక్కరూ మనసులో ఉన్నది చెప్పాలి. ఏదైనా సరే. తిట్టు కావచ్చు, తప్పు కావచ్చు. ఎవరూ జవాబు చెప్పకూడదు. అందరిదీ అయ్యాక టోపీ ఊపితే గొలుసు కదులుతుంది. అన్నదంతా ఆ పల్లంలో పడిపోయినట్టే. కిందికి వచ్చాక ఎవరూ దాన్ని ఎత్తకూడదు.

మా వాళ్ళకు అది మతం లాంటిది. శీతాకాలమంతా ఒకే చేపల ఫ్యాక్టరీలో, ఒకే చర్చిలో మొహాలు చూసుకోవాలి కదా. ఇడా నాన్న కాలంలో ఒకడు, పక్కవాడి పెళ్ళాన్ని ప్రేమించానని పైన చెప్పాడట. పక్కవాడు కిందికి దిగి వాడికి బీరు పోశాడట. చచ్చేదాకా ఇద్దరూ కలిసే పనిచేశారట. ఈ కథ చెప్పుకుని మా వాళ్ళు గర్వపడతారు. నేనైతే బీరు పోసేవాణ్ణి కాదు.

ఆ ఏడు నేను ఎక్కనన్నాను. బెర్నిస్ నా మోచెయ్యి పట్టుకుంది.

"ఎక్కు. కడుపులో పెట్టుకుని కుళ్ళిపోతున్నావు. పైన కక్కేసి రా."

"నాకు కక్కేది ఏమీ లేదు. వినేది ఉంది."

"అయితే విను. ఎక్కు ముందు."

ఎక్కాను. ముందు పెట్టెలో కూర్చోలేదు, మధ్యలో కూర్చున్నాను. నా ముందు బెర్నిస్, ఆమె పక్కన మోటారు చూసే ఆల్సీడ్. గిల్ వచ్చి నా వెనక సీట్లో కూర్చున్నాడు. మిగతా వాళ్ళు అటూ ఇటూ సర్దుకున్నారు. ప్లాట్‌ఫాం మీద ఇంటివాళ్ళంతా నిలబడ్డారు. లూసీల్ పెద్ద కుండతో ఆల్చిప్పల పులుసు పట్టుకొచ్చింది. ప్రెంటిస్ బీరు పెట్టె తెచ్చాడు. అమెడీ కాలితో పెడలు తొక్కాడు, ఒడుల మీదికి కమ్మీలు దిగి బిగుసుకున్నాయి.

గొలుసు పట్టుకుంది. ప్రతి మెట్టుకీ కింద ఇనప నాలుక టక్కుమని పడుతూ లాగుతోంది. వెనక్కి వాలి ఆకాశం చూస్తూ పోతాం. నేను ఆ చప్పుడు కింద నిలబడి విన్నవాణ్ణే కానీ పైకి పోతూ విన్నది తక్కువ. ఇడాయే ఎప్పుడూ పోదామనేది. ఎక్కినప్పుడల్లా పైన నా చెయ్యి పట్టుకునేది కాదు, తన చేతులు రెండూ పైకెత్తేది.

నెత్తి మీద ఆగాం. గొలుసు చప్పుడు పోయాక కర్ర మూలగడం మొదలవుతుంది. గాలి వచ్చినప్పుడల్లా అంత ఎత్తూ ఒక పక్కకు ఒరిగి మళ్ళీ నిలబడుతుంది. కింద ఒక వైపు పార్కు దీపాలు, ఒక వైపు నల్లబడుతున్న సముద్రం.

బెర్నిస్ మొదలుపెట్టింది. "ఆల్సీడ్, నా డబ్బాలో సాండ్‌విచ్‌లు తిన్నది నువ్వే. తర్వాత వాటిలో పిల్లి తిండి పెట్టింది నేనే. చాలా ఇష్టంగా తిన్నావు."

ఆల్సీడ్ చెవులు ఎర్రబడ్డాయి. జవాబు చెప్పకూడదు కాబట్టి కమ్మీ గట్టిగా పట్టుకున్నాడు. తన వంతు రాగానే, "ప్రెంటిస్ ఒట్టి వెధవ" అన్నాడు. అది ప్రతి ఏడూ చెప్పేదే. ఎవరో నవ్వి ఆపుకున్నారు. వెనక పెట్టెలోంచి ఒకతను, రెండేళ్ళ కిందట గుంటలో రెంచి వదిలేసింది తనేనని చెప్పాడు. అందుకు అప్పుడు వేరేవాణ్ణి పనిలోంచి తీసేశారు. ఎవరూ మాట్లాడలేదు. అదే పద్ధతి.

నా వంతు వచ్చింది. "నేను వింటున్నాను" అన్నాను.

తర్వాత నా మెడ వెనకనుంచి గిల్ గొంతు. మామూలుగా ఉంది, ఉప్పు అందించమని అడిగినట్టు.

"ఆ చెక్క పుచ్చింది. ఏప్రిల్లోనే చూశాను. ఇన్‌స్పెక్టరు వచ్చే రోజులు, ఎర్రగీతలు కనబడితే తెరవనివ్వరు, ఒక్క గీత కూడా వద్దు అన్నాడు ప్రెంటిస్. సరే, తెరిచాక మార్చేద్దాం అనుకున్నాను. అటు వెళ్ళొద్దని రంగు వేసే మనవాళ్ళకి నోటితో చెప్పాను. ఆ పొద్దున అక్క అటు వెళ్తుందని తెలీదు. అక్కకి చెప్పడం మర్చిపోయాను."

నేను వెనక్కి తిరగలేదు. బెర్నిస్ మెడ చూస్తున్నాను. ఆ మెడ బిగుసుకుంది, కానీ ఆశ్చర్యపడిన మెడ కాదది. ఆల్సీడ్ తల దించుకున్నాడు. వాళ్ళకు తెలుసు. నోటితో చెప్పానన్నాడు కదా. వాళ్ళందరికీ చెప్పాడు. వేసవి అంతా వాళ్ళందరికీ తెలుసు. బంగాళాదుంపల బస్తాలు అన్న ఆ నోటికీ తెలుసు.

ఎవరో టోపీ ఊపారు.

గొలుసు కదిలింది, మమ్మల్ని అంచు దాటించి వదిలేసింది. సీటు కింద ఏమీ లేకుండా పోయింది. ఒళ్ళు పైకి లేచి కమ్మీకి తగిలింది. అందరూ అరిచారు. పైన చెప్పింది పోవాలంటే అరవాలి, అది కూడా పద్ధతే. నేను పళ్ళు బిగించాను. ఒక్క మాట కూడా నా నోట్లోంచి ఆ గాలిలో పడకూడదని బిగించాను. మళ్ళీ ఎక్కాం, మళ్ళీ పడ్డాం, పక్కటెముకలు సీటు అంచుకు కొట్టుకున్నాయి. సముద్రం వైపు మలుపులో కర్ర కీచుమంది. ఆ చెక్క నా మోచేతికి బారెడు దూరంలో వెళ్ళిపోయింది. వెనక గిల్ కూడా అరుస్తున్నాడు. నిండుగా, గుండెలు ఖాళీ అయ్యేలా అరుస్తున్నాడు. వాడికి తేలికైపోతోంది. నాకది వినిపించింది.

అమెడీ మెత్తగా ఆపాడు. ప్లాట్‌ఫాం మీద చప్పట్లు. ప్రెంటిస్ బీరు సీసా మూత తీశాడు.

"చెక్క ముందే పుచ్చింది" అన్నాను.

చప్పట్లలో ఎవరికీ వినబడలేదు. మళ్ళీ అన్నాను. నేను పొలంలో పెరిగినవాణ్ణి, నా గొంతు దూరం పోతుంది.

"చెక్క ముందే పుచ్చింది. గిల్ చూశాడు. ప్రెంటిస్ గీత గీయొద్దన్నాడు. వీళ్ళందరికీ చెప్పారు, ఇడాకి చెప్పలేదు. ఇప్పుడే పైన గిల్ చెప్పాడు."

"నార్మన్, నోరు ముయ్యి" అంది బెర్నిస్, వెనక్కి తిరక్కుండా.

"ముయ్యను."

"పైన అన్నది కిందికి తేకూడదు."

"తెచ్చాను."

అమెడీ పెడలు తొక్కడం మర్చిపోయాడు. కమ్మీలు లేవలేదు. ఎవరూ దిగలేరు. నా వెనక గిల్ ఒడిలో కమ్మీతో, లేవడానికి లేక, పారిపోవడానికి లేక అలా కూర్చునే ఉన్నాడు. ఇంటివాళ్ళంతా ప్లాట్‌ఫాం అంచున నిలబడి మమ్మల్ని చూస్తున్నారు. ఆల్సీడ్ పెళ్ళాం మొగుడి వైపు చూసింది, ఆల్సీడ్ తన బూట్ల వైపు చూశాడు.

"పైన సరదాకి ఏవేవో అంటుంటారు కదా" అన్నాడు ప్రెంటిస్. సీసా లోంచి నురగ పొంగి అతని తెల్ల బూటు మీద పడుతోంది.

లూసీల్ కుండ కింద పెట్టింది. ఆమె మావయ్యను చూడలేదు. నన్నే చూస్తోంది.

*

ఇన్‌స్పెక్టర్ని మళ్ళీ పిలిపించింది నేనే. వచ్చి ఒక్కొక్కర్నీ అడిగాడు. గాలి హోరు, ఏమీ వినబడలేదు అన్నాడు ఆల్సీడ్. నాకు అసలే చెవుడు అంది బెర్నిస్. గేటు దగ్గర వరసలో చివర్న ఉన్నవాడు గొణిగింది కూడా వినే మనిషి ఆవిడ. రైలు నిండా మనుషులు, ఒక్కడూ వినలేదు. అబద్ధమాడుతున్నామని వాళ్ళకు అనిపించలేదు. అది పల్లంలో పడిపోయింది కాబట్టి లేనట్టే. గిల్‌ని అడిగితే, పైన అందరం ఏదో ఒకటి అంటాం సార్ అన్నాడు. ఇన్‌స్పెక్టరు నా భుజం తట్టి వెళ్ళిపోయాడు.

పార్కులో నన్ను ఎవరూ పొమ్మనలేదు. నాతో ఎవరూ మాట్లాడలేదు, అంతే. రొట్టెల కొట్లో బెర్నిస్ నన్ను చూసి గడప అవతలే ఆగిపోయింది. నా పెళ్ళాన్ని చంపినవాడికి ఊళ్ళో బీరు పోస్తున్నారు. చంపాడని చెప్పినవాడికి దారి ఇవ్వడం లేదు.

ఆ ఆదివారం మధ్యాహ్నం గిల్ ఎప్పటిలాగే భోజనానికి దిగి వచ్చాడు. రాడనుకున్నాను. వచ్చి తన కుర్చీలో కూర్చున్నాడు. లూసీల్ ముగ్గురికీ వడ్డించింది. చేపా, ఉడికించిన బంగాళాదుంపలూ. తను కూర్చోలేదు.

"మావయ్యా, చెక్క పుచ్చిందా?"

గిల్ ఫోర్కు తీసుకున్నాడు. "ఆ మాట అయిపోయిందమ్మా."

"నాకు అవలేదు. నేను ఆ రైల్లో లేను. ఇక్కడ, ఈ వంటింట్లో అడుగుతున్నాను. పుచ్చిందా?"

అతను చేపలో ముళ్ళు ఏరాడు. చాలాసేపు ఏరాడు. కంచం అంచున వరసగా పెట్టాడు.

"నువ్వు తినమ్మా" అన్నాడు.

లూసీల్ అతని కంచం తీసింది. చేపతో సహా తీసి అతని చేతుల్లో పెట్టింది. "పైకి తీసుకెళ్ళి తినండి" అంది. పుట్టిన దగ్గర్నుంచీ అతన్ని నువ్వు అన్న పిల్ల. గిల్ కంచం రెండు చేతులతో పట్టుకుని, ఒలక్కుండా మెట్లెక్కి పోయాడు.

నేను తినడం మొదలుపెట్టాను. ఆ వేసవి మొత్తంలో నాకు ఆకలేసింది అప్పుడే.

"ఇప్పటికి నీ కళ్ళు తెరుచుకున్నాయి" అన్నాను.

"తెరుచుకున్నాయి. నిన్నూ చూశాను." ఆమె ఏప్రన్ విప్పి కుర్చీ మీద వేసింది. అది ఇడా ఏప్రన్. "ఆ రోజు రైలు ఆగినప్పుడు అందరూ మావయ్య వైపు చూశారు. నేను నిన్ను చూశాను. అమ్మ ఎలా చచ్చిపోయిందో నీకు అప్పుడే తెలిసింది కదా? నువ్వు సంతోషంగా ఉన్నావు నాన్నా. నీ మొహం వెలిగిపోతోంది. బహుమతి గెలిచినవాడిలా ఉన్నావు."

"నేను చెప్పింది నిజమేనా కాదా?"

"నిజమే."

"అయితే?"

"అయితే ఏమీ లేదు. నేను న్యూ బెడ్‌ఫర్డ్ వెళ్ళిపోతున్నాను. అక్కడ బట్టల మిల్లులో పనుంది. గది చూసుకున్నాను."

"వాడు చేసినదానికి నన్ను వదిలేస్తావా?"

"ఇద్దర్నీ వదిలేస్తున్నాను" అంది.

ఆ శనివారమే బస్సెక్కింది. క్రిస్మస్‌కు కార్డు వస్తుంది. గిల్‌కి అదీ రాదు. ఆ సంగతి పోస్టు తెచ్చేవాణ్ణి అడిగి తెలుసుకున్నాను.

లూసీల్ చెప్పింది నిజం. ఆ రోజు నేను సంతోషంగా ఉన్నాను. నాలుగు నెలలు నన్ను పిచ్చివాణ్ణి చేసి, ఇడాను జారే మనిషిని చేసి మాట్లాడారు. ఆ మాట కిందికి తెచ్చినప్పుడు నాకు పెళ్ళినాడు కూడా లేనంత సంతోషం కలిగింది. దానికి నేను ఎవరికీ జవాబుదారీ కాను.

లాటీ ఇప్పటికీ నడుస్తోంది. ఏటా చివరి రైలు పైన ఆగుతోంది. నన్ను ఎక్కనివ్వరు. ఎక్కితే వాళ్ళ నోళ్ళు పెగలవట.

గిల్ ఇంకా పైవాటాలోనే ఉన్నాడు. ఇల్లు వాళ్ళ నాన్నది, సగం వాడిదే, పొమ్మనడానికి లేదు. మోకాళ్ళు పాడయ్యాయి. మెట్లు దిగేటప్పుడు ఒక్కో మెట్టు మీదా ఆగి ఊపిరి తీసుకుంటాడు. నా తలుపు దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుతాడు. ఒకసారి, "బావా" అన్నాడు. రేడియో పెద్దది చేశాను. పోయిన శీతాకాలం దగ్గుతో పడుకున్నాడు. రెండు రోజులు పైన అడుగుల చప్పుడు లేదు. మూడో రోజు ఎవరో వచ్చి డాక్టర్ని పిలిచారు.

నేను పిలవలేదు. పైన మళ్ళీ దగ్గుతున్నాడు. ఈసారీ పిలవను.